దొరువు గట్టు మీద బొమ్మల కుక్క

నా పిల్లల నవ్వు నాకు కాళ్ళ కింద నుంచి వినిపించింది.

అంతవరకు నేను దొరువు గట్టు మీద నిలబడి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, సరుగుడు తోపు వైపు చూస్తూ ఇద్దరినీ అన్నానికి పిలుస్తున్నాను. పప్పు ఎనుపుతూ మధ్యలో లేచి వచ్చాను కనుక పప్పుగుత్తి చేతిలోనే ఉంది. పాప కిసుక్కున నవ్వింది. దాని వెనకే బాబు నవ్వాడు. ఆ నవ్వు తోపు వైపు నుంచి రాలేదు, ఇంటి వైపు నుంచీ రాలేదు. మూత పెట్టిన బానలో నుంచి వచ్చినట్టు ఇసుకలో నుంచి వచ్చి నా అరికాళ్ళకు తగిలింది.

దొరువు అంటే తెలియనివారికి చెప్పాలి. మా నెల్లూరు జిల్లాలో విడవలూరు దాటి సముద్రం వైపు వచ్చే కొద్దీ నేలంతా ఇసుకే. నిలువుగా బావి తవ్వితే నాలుగు నాళ్ళకు పూడిపోతుంది. అందుకని మనిషి లోతున, పళ్ళెంలాగా వెడల్పుగా ఇసుక తోడేస్తారు. అడుగున తియ్యటి నీరు ఊరుతుంది. ఆ నీటిగుంటే దొరువు. కడవతో దిగి ముంచుకుని, ఎక్కి వచ్చి, వంగ నారుకూ సరుగుడు మొక్కలకూ పోసుకుంటాం. ఎండాకాలంలో నీరు అడుగంటితే ఇంకాస్త లోతుకు తోడి, ఆ తడి ఇసుకను అంచున గుట్టగా పోస్తారు. ఆ వారమే మా దొరువు తోడించాం. నేను నిలబడింది ఆ కొత్త గుట్ట మీద.

తడి ఇసుక మాట వింటుంది. తొలిస్తే తొలిపించుకుంటుంది, గూడు కడితే నిలుస్తుంది. ఎండిన ఇసుకకు మాట లేదు. పొద్దున నల్లగా ఉన్న గుట్ట అప్పటికి పైనంతా తెల్లబడింది. పడమటి గాలి వేడిగా వీస్తోంది. నా బరువు నా పిల్లల నెత్తిన ఉంది.

పరుగెత్తలేదు. పీట మీద కూర్చున్నట్టు మెల్లగా కూర్చున్నాను. కుచ్చెళ్ళు పోగుచేసుకుని, అరచేతులు రెండు పక్కలా ఆనించి, నవ్వు వినిపించిన చోటికి ఎడంగా, నీళ్ళ వైపు జారుకుంటూ దిగాను.

నేను భయస్తురాలిని. మా ఇంట్లో అది అందరికీ వేడుక. మావారు నెల్లూరులో ఉద్యోగం చేస్తూ శనివారాలు ఇంటికి వస్తారు. వచ్చిన ప్రతిసారీ పిల్లలతో, "మెతుకు గొంతుకు అడ్డం పడుతుందని మీ అమ్మ అన్నం వండడం ఎప్పుడు మానేస్తుందో చూస్తా ఉండండి" అంటారు. నవ్వుకోనీ. ఆ భయం నాకు బరువే కాని తప్పుగా ఎన్నడూ తోచలేదు. ఆ రోజు నా కాళ్ళను గట్టు మీద నుంచి మెల్లగా దింపింది అదే.

పిల్లలు ఇసుకలోకి ఎందుకు దూరారో దిగేలోపలే నాకు అర్థమైపోయింది. కొన్నాళ్ళ ముందు మా ఊరికి సర్కారు ప్రచారపు బండి వచ్చింది.

బడి గోడకు తెల్లదుప్పటి కట్టి, ముందుగా వరసల్లో వరి నాటడం మీద ఒక చిత్రం వేశారు. మా ఊరి జనం పొద్దంతా కయ్యల్లో వంగి నాటి వచ్చినవాళ్ళు. నాటడాన్ని తెర మీద చూడడానికి వాళ్ళకు ఓపిక లేదు.

"అయ్యా, వరి మేము రోజూ చూస్తానే ఉండాం. బొమ్మలు ఎయ్యి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"వరి అయితేనే బొమ్మలు," అన్నాడు బండి ఆయన. "ముందు బొమ్మలేస్తే మీరు లేచి పోతారు, నాకు తెలీదా?"

"నాటినాం లేవయ్యా, కోసినాం, తూర్పార పట్టినాం. తిప్పు!"

చివరికి రంగుల బొమ్మ పడింది. ఒక కూరగాయల తోట. దానికి కాపలా ఒక లావుపాటి కుక్క. భూమిలో తొలుచుకుంటూ వచ్చి ముల్లంగి గడ్డలు కిందికి లాక్కుపోయే ఒక చిన్న జంతువు. అదేమిటో ఎవరికీ తెలియలేదు. పెద్ద వాదన జరిగింది.

"కుందేలబ్బా అది."

"కుందేలుకి ఆ తోక యాడిది? పందికొక్కు."

"పందికొక్కు చొక్కా ఎందుకు తొడుక్కుంటాది?"

"నీకంటే నయం. దానికి చొక్కా అన్నా ఉండాది."

దాంతో పందికొక్కే అని ఖాయమైంది. ఆ తర్వాత జరిగిన వింత నేను ఏ సినిమా హాల్లోనూ చూడలేదు. ఇలాంటి బొమ్మల్లో చూసేవాళ్ళు ఎప్పుడూ చిన్నదాని పక్షం. పెద్దది వెంటబడుతుంది, చిన్నది తప్పించుకుంటుంది, మనం చప్పట్లు కొడతాం. మా ఊళ్ళో పెద్దవాళ్ళందరూ కుక్క పక్షం చేరారు. వాళ్ళకు పందికొక్కుతో పాత పగ ఉంది. గట్టు తొలిచి, రాత్రికి రాత్రి కయ్యలో నీళ్ళన్నీ పోగొట్టేది అదే. తెర మీద నేల ఉబ్బి, ఆ ఉబ్బు పాములా మెలికలు తిరుగుతూ పరుగెత్తుతుంటే, "అదో, అదో, పోతా ఉండాది! ఎయ్యి నెత్తిన!" అని మగవాళ్ళు లేచి నిలబడ్డారు. పిలకాయలందరూ పందికొక్కు పక్షం. రెండు పక్షాలూ ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వారు.

కుక్క చేతిలో ఒక కొయ్య సుత్తి ఉంటుంది. అది బిలం దగ్గర కాపు కాస్తుంది. పందికొక్కు ఇంకో బిలంలో నుంచి లేచి, ఆ సుత్తే లాక్కుని కుక్క నెత్తిన వేస్తుంది. కుక్క గుంజలాగా మెడ దాకా భూమిలో దిగబడుతుంది. తర్వాత రోడ్డు చదును చేసే యంత్రం కింద పడి అప్పడంలా పలచబడి, లేచి, దులుపుకుని, మళ్ళీ కాపలా కాస్తుంది. చివరికి కుక్కకు ఒక ఉపాయం తోస్తుంది. సుత్తిని పక్కన పారేసి దొంగనిద్ర పోతుంది. నిద్రపోయే కుక్క నెత్తిన కొట్టకుండా పందికొక్కు ఉండగలదా? బయటికి వస్తుంది, కొడుతుంది, లోపలికి దూకుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ కొడుతుంది. కుక్క ఒక కన్ను తెరిచి చూస్తూ ఉంటుంది.

మా అత్తగారు చెంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వి, "చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో ఇంతే అమ్మాయ్," అన్నారు. "యుద్ధం మధ్యలో ఒక బట్టతలోడు వచ్చి పెళ్ళాం చేత దెబ్బలు తినిపోయేవాడు. రాజులు ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క గుర్తు లేదు. వాడికి పడిన దెబ్బలు మాత్రం ఇప్పుడు అడిగినా చెప్తా."

నాకు కూడా అంతే. ఏభైల చివర నెల్లూరులో కాలేజీలో చదివే రోజుల్లో హాస్టలు ఆడపిల్లల్ని ఎప్పుడైనా ఇంగ్లీషు సినిమాకు పంపేవారు. అసలు సినిమాకు ముందు ఒక కార్టూను వేసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు చీకట్లో తడుముకుంటూ, సినిమా మొదలైందా అని అడిగేవాళ్ళు కారు. "కార్టూన్ అయిపోయిందా?" అని అడిగేవాళ్ళు. అయిపోయిందంటే ముఖం వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. ఆ సినిమాల కథలు ఇప్పుడు అడిగితే నేను చెప్పలేను. కొండ అంచు దాటి గాలిలో నడిచి, కిందికి చూసుకున్నాక మాత్రమే పడిపోయిన ఆ జంతువుల ముఖాలు గీసి చూపించగలను.

వాటిలో అంత ఏముందని నేను చాలా ఆలోచించాను. మాటలు లేవు కనుక అందరికీ అర్థమవుతాయన్నది నిజమే, కాని అది సగమే. అసలు సంగతి నాలాంటి భయస్తులకే బాగా తెలుస్తుందని నా నమ్మకం. మామూలు సినిమాలో ఎవరైనా మెట్ల మీద నుంచి పడితే నా గుండె ఆగుతుంది. ఇక్కడ పడేవాడు లేస్తాడని ముందే తెలుసు. పలచబడినా, కాలినా, ముక్కలైనా మళ్ళీ అంతా చేరుకుంటాడు. ఆ కాసేపూ ప్రపంచంలో ఏదీ శాశ్వతంగా విరగదు. పగలంతా ఏది విరుగుతుందో, ఎవరు పడతారో అని కాచుకునే మనిషికి అంతకంటే విశ్రాంతి ఎక్కడుంది? నేను ఒళ్ళు మరిచి నవ్వేది ఆ బొమ్మలు చూసేటప్పుడే.

కాని ఆ విశ్రాంతి పెద్దవాళ్ళది. లేస్తాడని ముందే తెలియడం నాకు విశ్రాంతి అయితే, నా పిల్లలకు అది పాఠం అయింది.

దొరువు లోపలి వైపు దిగి చూశాను. గుట్ట అడుగున, నీటి అంచుకు కాస్త పైన, చాట వెడల్పున ఒక బిలం. చుట్టూ కొబ్బరి చిప్పలు పడి ఉన్నాయి. ముందు రోజే మొదలుపెట్టారట, తర్వాత చెప్పారు. బిలం లోపల నల్లగా తడిగా ఉంది. దాని పైపెదవి మాత్రం తెల్లబడి ఉంది. అక్కడి నుంచి ఇసుక చీమల బారులా సన్నగా రాలుతోంది.

"బయటికి రండమ్మా, అన్నం తిందాం," అన్నాను, గొంతు తగ్గించి.

లోపల గుసగుస. "అమ్మ వచ్చినాది. ఇంకా లోపలికి జరగరా!"

కాళ్ళు ఇసుకలో రాసుకున్న చప్పుడు. పైపెదవి నుంచి ఒక చిన్న గడ్డ ఊడిపడింది.

అరవాలనిపించింది. అరవలేదు. నేను రోజూ అరుస్తాను. నీళ్ళ దగ్గరికి పోవద్దని, కొడవలి ముట్టుకోవద్దని, ఎద్దు వెనక నడవద్దని. నా అరుపులో నిజంగా అపాయం ఉన్న అరుపేదో వాళ్ళకు తెలియదు. అరిస్తే ఆట అనుకుని ఇంకా లోపలికి పోతారు. నిజమని భయపడితే ఇద్దరూ ఒకేసారి తోసుకుంటూ వీపులతో పైకప్పు తగిలిస్తారు. ఏడేళ్ళ పిల్ల ముందు ఉంది, నాలుగేళ్ళ వాడు వెనక. ఒకరి పక్క నుంచి ఒకరు రావడానికి చోటు లేదు. చెయ్యి పెట్టి పాపను లాగితే బాబు లోపల ఉండిపోతాడు.

అప్పుడే మా అత్తగారు నా గొంతు విని గట్టు ఎక్కబోయారు.

"అత్తా, ఆగు! కాలు కదపబాక!"

ఆమెను ఎన్నడూ నేను అలా అనలేదు. ఆమె ఒక కాలు ఎత్తి అలాగే నిలబడిపోయారు. నేను వేలితో గట్టును చూపించి, బిలాన్ని చూపించి, రెండు వేళ్ళు చూపించాను. ఆమెకు అర్థమైంది. ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, గట్టుకు దూరంగా, నేను కనపడే చోట నిలబడ్డారు.

నేను బిలం ముందు మోకాళ్ళ మీద వంగి మొరిగాను.

లోపల కాళ్ళ చప్పుడు ఆగింది.

మళ్ళీ మొరిగాను. బీఏ చదివిన కోడలు, పట్టపగలు, అత్తగారి ఎదట. ఈసారి కాస్త గుర్రుమని, చివర సాగదీసి.

"అక్కా, కుక్క!"

"కుక్క గాదురా, అమ్మ."

"అమ్మే కుక్క!" బాబు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు కూడా ఇసుక రాలింది.

పప్పుగుత్తిని బిలం ముందు పడేశాను. ఒక పక్కకు ఒరిగి, తల బిలానికి దగ్గరగా పెట్టి పడుకుని, గురక మొదలుపెట్టాను. ఒక కన్ను సందు చేసి చూస్తున్నాను. ఇసుక చెంపకు కాలుతోంది. వాళ్ళ ఊపిరి నాకు వినిపించేంత దగ్గరగా ఉన్నాను, చెయ్యి చాపలేను.

"అవ్వా! ఓ అవ్వా!" లోపల నుంచి పాప కేక వేసింది. "కుక్క నిద్రపోయినాదా?"

మా అత్తగారి గొంతు, ఎప్పటి గొంతే, వెటకారం కూడా తగ్గకుండా వచ్చింది.

"పోయినాది నాయనా. దున్నపోతు మాదిరి గుర్రు పెడతా ఉండాది. పప్పుగుత్తి పక్కనే పారేసుకోనుండాది. నెత్తిన ఎవరన్నా ఒకటి ఇచ్చేవాళ్ళు ఉంటే బాగుండు. నేనే ఇచ్చేదాన్ని, ఈ మోకాళ్ళతో దిగలేక ఉండా."

పాప తల బయటికి వచ్చింది. జుట్టు నిండా ఇసుక. భుజాలు, నడుము, కాళ్ళు. పిల్లి నడక నడిచి వచ్చి, పప్పుగుత్తి తీసుకుని, నా నెత్తిన వేసింది. నిజంగానే వేసింది. కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. దాని పాదం నా అరచేతిని తాకుతూ ఉంది. పట్టుకోవాలని చెయ్యి కొట్టుకుంది. నేను గురక ఆపలేదు.

అది నవ్వుతూ మళ్ళీ బిలంలోకి దూరిపోయింది.

ఆ బొమ్మలో పందికొక్కు చేసింది అదే కదా. ఆట ఎలా ఆడాలో నా బిడ్డ నాకంటే సరిగ్గా గుర్తుపెట్టుకుంది. దాని కాళ్ళు లోపలికి మాయమవడం నేను ఒక కంటితో చూస్తూ పడుకున్నాను. నా జీవితంలో అంతకంటే కష్టమైన పని ఇంకేదీ చేయలేదు.

"నేను కొట్టలేదు! నాకూ, నాకూ!" లోపల బాబు ఏడుపు గొంతు.

"నువ్వు చిన్నోడివి. మెల్లగా కొడతావు."

"గట్టిగా కొడతా!"

మా అత్తగారు అందుకున్నారు. "ఈ కుక్కకి ఒక్క దెబ్బ ఏం చాలుతాది? లేచే మాదిరిగా ఉండాది. రెండో పందికొక్కు యాడ? భయపడినాడా?"

"వాడు రావాలంటే నేను బయటికి రావాల అవ్వా!"

"రా మరి. తమ్ముడికి దారి ఇయ్యి. వాడి దెబ్బ కూడా చూద్దాం."

పాప వచ్చింది. ఈసారి నా పక్కనే నిలబడి, పప్పుగుత్తి పట్టుకుని, "రా రా, కుక్క నిద్ర లేవకముందే రా," అని వాడిని పిలిచింది. బాబు తల కనపడింది. మెడ మీద ఇసుక సన్నగా పడుతోంది. సగం వచ్చి ఆగిపోయాడు. చెవిలో ఇసుక పోయిందని తల విదిలించుకుంటున్నాడు. నేను గురకలో ఒక ఈల కలిపాను, ఆ బొమ్మలో కుక్క వేసినట్టు. వాడు చెవి సంగతి మరిచిపోయాడు. మోకాళ్ళు వచ్చాయి. పాదాలు వచ్చాయి. లేచి నిలబడి, అక్క చేతిలో నుంచి పప్పుగుత్తి రెండు చేతులతో అందుకుని, ఎత్తి, నా నొసటి మీద దించాడు.

ఆ దెబ్బ పడుతుండగానే ఇద్దరి నడుములూ చుట్టి పట్టుకుని నీళ్ళలోకి దొర్లాను.

దొరువులో మోకాటి లోతు నీళ్ళు. ముగ్గురం బురదతో సహా లేచాం. పిల్లలు కీచుమని నవ్వుతున్నారు. మా అత్తగారు కూడా నవ్వేశారు, నా అవతారం చూసి. నేను బిలం వైపు తిరిగాను. అప్పటికి బిలం అక్కడే ఉంది. నేను చూస్తూ ఉండగా గుట్ట నడిమి భాగం లోపలికి దిగింది. పాలు పొంగి, దించగానే అణిగినట్టు దిగింది. చాట వెడల్పు బిలం ఉన్న చోట నున్నటి వాలు మిగిలింది, అంతే. కొబ్బరి చిప్పలు కూడా కనపడలేదు.

చప్పుడు కాలేదు. బొమ్మల్లో ఏదైనా కూలితే డప్పులు, తాళాలు మోగుతాయి. ఇక్కడ ఏమీ మోగలేదు. ఇంట్లో ఉండి ఉంటే నాకు తెలిసేది కూడా కాదు.

మా అత్తగారు నిలబడిన చోటే ఇసుకలో కూలబడ్డారు. పిల్లలు మాత్రం, "అమ్మా, మళ్ళీ! మళ్ళీ పడుకో!" అంటున్నారు.

ఆ సాయంత్రం ఆమె నా నొసటికి పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తూ కూడా నోరు తగ్గించలేదు.

"ఆ బొమ్మల బండి మళ్ళీ ఊళ్ళోకి వస్తే చక్రాలకి గాలి తీసేస్తా. పిలకాయలకి చూపించే బొమ్మలా అవి?"

"ఆ బొమ్మ లేకపోతే వాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు కాదత్తా."

"లేకపోతే లోపలికి పోయేవాళ్ళే కాదు."

రెండూ నిజమే. పట్టు అద్దుతూ ఆమే మళ్ళీ అన్నారు: "అయినా ఇసుకలో బొరియలు తొలిచే ఆ ఎండ్రకాయలు ఏ బొమ్మ చూసి నేర్చుకున్నాయిలే. మీ ఆయన కూడా ఈళ్ళ ఈడులో ఉన్నప్పుడు ఇట్నే తొలిచేవాడు. ఒక ఎండాకాలం నేను కర్ర తీసుకోని గట్టు చుట్టూ తిరిగినా. అప్పుడు బొమ్మలూ లేవు, బండీ లేదు."

"మరి ఎట్టా మాన్పించినావు?"

"యాడ మానినాడు? వాడి అదృష్టం, కూలలేదు." పట్టు మీద గుడ్డ చుట్టి, వెనక్కి జరిగి నన్ను చూసి, పుసుక్కున నవ్వారు. "ఇంత బొప్పి కట్టినాది. ఆ బొమ్మల కుక్కకి మాదిరి చుట్టూ పిట్టలు తిరగడమే తక్కువ."

అసలు బొప్పి బొమ్మలో లాగా టక్కున లేవదు. నిదానంగా లేస్తుంది, నిదానంగా తగ్గుతుంది, తల దువ్వుకునేప్పుడల్లా గుర్తు చేస్తుంది. పిల్లలు పడుకున్నాక లాంతరు ముందు కూర్చుని ఇది రాస్తున్న ఈ వేసవికి ఆ బొప్పి ఎప్పుడో పోయింది. నొసటి మీద చిన్న మచ్చ ఉంది. దాని సంగతి ఎవరైనా అడిగితే కుక్క అయినప్పుడు తగిలిందని చెబుతాను.

అప్పటి నుంచి ఆ బొమ్మలను నేను వేరుగా చూస్తున్నాను. హాస్టలు రోజుల్లో తప్పించుకునే చిన్నదాన్ని చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు నా చూపంతా వెంటబడే పెద్దదాని మీద. దెబ్బ తింటుంది, పలచబడుతుంది, దులుపుకుంటుంది, ఒక కన్ను తెరిచి పడుకుంటుంది. దానికి సిగ్గు లేదు, అలసట లేదు, ఊళ్ళో ఎవరేమనుకుంటారన్న దిగులు లేదు. దాన్ని చూసి జనం నవ్వుతారు. నవ్వనీ. తల్లులందరం చేసే ఉద్యోగం అదే. ఈ బొమ్మలు ఇంకా ఎన్ని తరాలు వచ్చినా నిలబడతాయని నాకు అనుమానం లేదు. పిల్లలు ఒక పక్షాన కూర్చుని నవ్వుతారు, పెద్దవాళ్ళు ఇంకో పక్షాన. ఇద్దరికీ చోటున్న ఆట పాతబడదు.

అందుకే పిల్లల చేత ఆ బొమ్మలు చూడడం మాన్పించకూడదని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. బండిని మాన్పిస్తే ఎండ్రకాయలను ఎలా మాన్పిస్తాను? తేడా చెప్పాలి. అరవకుండా చెప్పాలి. ఏ ఒక్క మాట వాళ్ళకు అడ్డంగా నిలబడుతుందో వెతుక్కుంటూ తెల్లవారేదాకా దొర్లాను.

తెల్లారి ఒంటిపూట బడికి పోయేముందు పిల్లలు ఒళ్ళో పలకలు పెట్టుకుని, వసారాలో కూర్చుని చద్దన్నం తింటున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఆ బొమ్మలో పందికొక్కు ఎప్పుడన్నా ఊపిరి పీల్చగా చూసినారా?" అన్నాను.

ఇద్దరూ నములుతూ ఆలోచించారు. లేదన్నారు.

"గీసినవాళ్ళు దానికి చొక్కా ఇచ్చినారు, తోక ఇచ్చినారు. ఊపిరి ఇయ్యలేదు. అందుకే దాన్ని ఎంత లోతున పూడ్చినా లేస్తాది. మీకు ఊపిరి ఉండాది. ఊపిరికి గాలి కావాల. నిన్న మనం నీళ్ళలో పడినాక ఆ గుట్ట కూలిపోయినాది, పోయి చూసి రండి. మీరు లోపల ఉండి ఉంటే నేను రెండు చేతులతో తవ్వుతా ఉండేదాన్ని. అవ్వ తవ్వుతా ఉండేది. మేము మిమ్మల్ని అందుకునే లోపల ఊపిరి అయిపోయి ఉండేది. మళ్ళీ లేచే ఆట గాదు అది."

బాబు చేతిలో ముద్ద అలాగే ఉంది. పాప నా నొసటి గుడ్డ వైపు చూసింది. "అందుకా నువ్వు కుక్క అయినావు?" అంది.

"అందుకే. ఎప్పుడు కావాలన్నా అవుతా. నెత్తిన కొట్టించుకుంటా. ఒకటే షరతు. ఇసుకలో యాడ ఆడినా సరే, తల ఎత్తితే ఆకాశం కనపడాల. ఆకాశం కనపడని చోటికి పోబాకండి."

"అమ్మా, బడికి కప్పు ఉండాది గదా. లోపల కూర్చుంటే ఆకాశం కనపడదు. అట్టయితే బడికి కూడా పోగూడదు," అంది పాప. బాబు వెంటనే ఒళ్ళోని పలక తీసి కింద పెట్టేశాడు.

"మీ బడి పెంకులు సగం ఎగిరిపోయి ఉండాయి," అన్నాను. "ఎంత కావాలంటే అంత ఆకాశం కనపడతాది. లేచి నడవండి."